అందరూ తలూపుతారు, పరీక్షలో రాయలేరు: క్లాసులో ఏం మార్చాలి?

కొత్త లెక్చరర్

నమస్కారం అండీ. పరిశోధన ముగించుకుని నేరుగా కాలేజీలో పాఠం చెప్పడానికి వచ్చాను. మొదటి సంవత్సరం వాళ్లకి థర్మోడైనమిక్స్ చెబుతున్నాను. గంట క్లాసు, డెబ్బై మంది దాకా ఉంటారు. ముందురోజు కూర్చుని శ్రద్ధగా తయారవుతాను. ప్రతి సమీకరణాన్నీ మొదటినుంచీ బోర్డు మీద రాబట్టి చూపిస్తాను. మధ్యమధ్యలో ఆగి "అర్థమైందా?" అంటాను, అందరూ తలూపుతారు. "డౌట్లున్నాయా?" అంటే ఎవరూ నోరు మెదపరు.

మొన్న మిడ్ పరీక్ష పేపర్లు దిద్దాను. విలువలిచ్చి లెక్క చెయ్యమన్నచోట చాలామంది బాగానే చేశారు. అదే విషయం మాటల్లో అడిగినచోట సగం మందికి పైగా తప్పు. "వేడి లోపలికి రాకుండా, బయటికి పోకుండా ఉన్న సిలిండర్‌లో వాయువు పిస్టన్‌ని నెడుతూ వ్యాకోచిస్తే దాని ఉష్ణోగ్రత ఏమవుతుంది? ఎందుకు?" అని అడిగాను. "వేడి పోలేదు కాబట్టి ఉష్ణోగ్రత మారదు" అని పేపరు తర్వాత పేపరు అదే వాక్యం. ఇలా వేడి రాకపోకలు లేకుండా జరిగే ఎడియాబాటిక్ ప్రక్రియ గురించి ఒక క్లాసంతా చెప్పాను, బోర్డు నిండిపోయింది.

సబ్జెక్టు నాకు తెలుసు. చెప్పడం మాత్రం మా గురువులని చూసి పట్టుకున్నదే, ఎవరూ ప్రత్యేకంగా నేర్పింది కాదు. యాక్టివ్ లెర్నింగ్, ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ (పాఠం ఇంటి దగ్గర వీడియోల్లో చూసి రావడం, క్లాసులో సమస్యలు చెయ్యడం), గ్రూప్ ప్రాజెక్టులు అంటూ రకరకాలు వినబడుతున్నాయి. ఇంతమంది ఉన్న క్లాసులో, సిలబస్ పూర్తి చెయ్యాల్సిన తొందరలో, నిజంగా పనికొచ్చేవి ఏవి? అన్నీ ఒక్కసారి మార్చడం నా వల్ల కాదు. ఒక్కటే మార్చాలంటే దేనితో మొదలుపెట్టమంటారు?

---

ఫిజిక్స్ మాస్టారు

ఒక్కటే అంటే, "అర్థమైందా?" అని అడగడం మానెయ్యండి. ఆ చోట, సరిగ్గా అర్థం కానివాళ్లు తప్పు జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఒకటి వెయ్యండి. దాని తర్వాతే మిగతావి ఏవైనా.

ఎందుకంటే "అర్థమైందా?"కి నిజాయతీగా కాదని చెప్పాలంటే తనకి అర్థం కాలేదన్న సంగతి ముందు ఆ పిల్లవాడికి తెలియాలి. మీ క్లాసులో తలూపినవాళ్లు మిమ్మల్ని మభ్యపెట్టలేదు. మీరు రాసిన ఒక్కో లైనూ పై లైను నుంచి ఎలా వచ్చిందో వాళ్లు చూశారు, అది వాళ్లకి తెలిసింది కూడా. కానీ "వేడీ ఉష్ణోగ్రతా ఒకటే" అన్న పాత నమ్మకం ఆ బీజగణితం పక్కనే చెక్కుచెదరకుండా కూర్చుంది. సమీకరణం రాబట్టే పనిలో దాన్ని ఎవరూ కదిలించలేదు. అందుకే లెక్క వచ్చింది, మాటల్లో అడిగితే రాలేదు.

ఇది మీ ఒక్కరి క్లాసు సంగతి కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌కీ సరిగ్గా ఇదే ఎదురైంది. లెక్కలు గడగడా చేసే తన విద్యార్థులకి బలం, చలనం గురించి మామూలు మాటల్లో ప్రశ్నలున్న పరీక్ష పెడితే, ఒక అమ్మాయి లేచి "వీటికి మీరు నేర్పినట్టు రాయమంటారా, నేను మామూలుగా అనుకునేట్టు రాయమంటారా?" అని అడిగిందని ఆయనే చెబుతారు. 1991 నుంచి ఆయన తన పాఠం చెప్పే తీరే మార్చుకున్నారు. పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు దాన్ని. నేను ఏళ్ల తరబడి చేస్తున్నది అదే, కాబట్టి మీ ఎడియాబాటిక్ ప్రశ్నతోనే చెబుతాను.

పది, పదిహేను నిమిషాలు పాఠం చెప్పండి. ఆపి, బోర్డు మీద ఇది రాయండి:

వేడి రాకపోకలు లేని సిలిండర్‌లో ఆదర్శ వాయువు పిస్టన్‌ని నెడుతూ వ్యాకోచించింది. దాని ఉష్ణోగ్రత
(అ) పెరుగుతుంది
(ఆ) తగ్గుతుంది
(ఇ) మారదు

ఒకటిన్నర నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. ఎవరి జవాబు వాళ్లు నోటుబుక్కులో రాసుకోవాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే రాసుకున్న జవాబు పక్కవాణ్ణి చూసి జారిపోదు. తర్వాత అందరూ ఒకేసారి చూపించాలి. జవాబు బటన్ నొక్కి పంపే క్లిక్కర్లూ యాప్‌లూ లేకపోయినా ఫర్వాలేదు. అ అయితే ఒక వేలు, ఆ అయితే రెండు, ఇ అయితే మూడు, చెయ్యి గుండె దగ్గర పెట్టుకుని చూపించమనండి. మీకు కనబడుతుంది, వెనకవాళ్లకి కనబడదు. ఎత్తి చూపించమంటే ముందు బెంచీలో చురుకైనవాడి వేళ్లు చూసి క్లాసంతా అదే చూపిస్తుంది.

జవాబు అప్పుడే చెప్పకండి. మొహంలో కూడా తెలియనివ్వకండి. "మీ జవాబుకి వేరే జవాబు ఉన్నవాళ్లెవరో పక్కన వెతుక్కుని ఒప్పించండి" అనండి. ఇక్కడే క్లాసు ఒక్కసారి గొల్లుమంటుంది. భయపడకండి, దగ్గరికెళ్లి వినండి. మూడు వేళ్లు చూపించినమ్మాయి "వేడి పోలేదు కదా, ఎలా చల్లబడుతుంది?" అంటుంది. రెండు వేళ్ల అబ్బాయి "మరి పిస్టన్‌ని నెట్టింది ఎవరు? ఆ శక్తి ఎక్కణ్ణించి వచ్చింది?" అంటాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగుతుంది. మీరు గంటసేపు బోర్డు మీద చెప్పిన మొదటి నియమం ఆ క్షణంలో ఆ పిల్ల బుర్రకెక్కుతుంది: వేడి రాకపోయినా వాయువు పని చేసింది, ఆ పని దాని అంతర్గత శక్తిలోంచే పోయింది, అందుకే చల్లబడింది. తోటివాడు చెబితే ఎందుకెక్కుతుందంటే, ఆ ముడి ఎక్కడ పడిందో వాడికి బాగా గుర్తు, నిన్నమొన్నే విప్పుకున్నాడు కాబట్టి. మనకి ఇది ఎప్పుడో కొట్టిన పిండి, ఎక్కడ తడబడతారో మనకి తట్టదు.

రెండు మూడు నిమిషాలయ్యాక మళ్లీ వేళ్లు చూపించమనండి. అప్పుడు మీరు జవాబు చెప్పి, తప్పు జవాబు ఎందుకు సబబుగా అనిపిస్తుందో కూడా చెప్పండి. ఈ రెండో భాగం వదలొద్దు.

మొదటిసారి చూపించినప్పుడే 70 శాతం దాటి సరైన జవాబు వస్తే చర్చ అక్కర్లేదు, ఒక మాట చెప్పి ముందుకెళ్లిపోవచ్చు. 30 శాతం కంటే తక్కువ వస్తే చర్చకి పెట్టకండి, వాళ్ల దగ్గర చర్చించడానికి సరుకు లేదన్నమాట, ఇంకో దారిలో మళ్లీ చెప్పండి. మధ్యలో ఉంటే చర్చ బాగా పండుతుంది. ఇది మజూర్ వాడే లెక్కే.

"తెలియనివాళ్లు తెలియనివాళ్లతో మాట్లాడితే ఏమొస్తుంది?" అని మా స్టాఫ్‌రూమ్‌లో తరచూ అడుగుతారు. 2009లో సైన్స్ పత్రికలో మిషెల్ స్మిత్, ఆమె సహచరులు జన్యుశాస్త్రం క్లాసులో చేసిన పరిశీలన వచ్చింది. ఒక ప్రశ్న మీద చర్చ అయ్యాక అదే భావన మీద కొత్త ప్రశ్న ఇచ్చి, ఎవరికి వాళ్లు చెయ్యమన్నారు. గుంపులో మొదట ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట్ల కూడా చర్చ తర్వాత మెరుగుపడ్డారు. అంటే తెలిసినవాడి దగ్గర కాపీ కొట్టడం కాదు జరుగుతున్నది.

ఇక ఆ మిడ్ పేపర్లు జాగ్రత్తగా దాచుకోండి. "వేడి పోలేదు కాబట్టి ఉష్ణోగ్రత మారదు" లాంటి వాక్యాన్ని ఏ టెక్స్ట్‌బుక్కూ మీకివ్వదు. మీ ప్రశ్నల్లో తప్పు ఆప్షన్లు అక్కణ్ణించే తియ్యండి. మీరు కూర్చుని ఊహించిన తప్పు ఆప్షన్‌ని ఎవరూ ఎంచుకోరు, ప్రశ్న వృథా అవుతుంది.

ఇంకొకటి. పై ప్రశ్నకి అందరూ "తగ్గుతుంది" అన్నాక సంతోషపడి వదిలెయ్యకండి. వెంటనే దీన్ని అడగండి: అదే వాయువు, వేడి రాకపోకలు లేవు, ఈసారి పిస్టన్ లేదు. మధ్య తలుపు తెరిస్తే పక్కనున్న శూన్యపు గదిలోకి వ్యాపించింది. ఉష్ణోగ్రత? "వ్యాకోచిస్తే చల్లబడుతుంది" అని బట్టీ పట్టుకున్నవాళ్లందరూ తగ్గుతుందంటారు. నెట్టడానికి ఎదురుగా ఏమీ లేదు, పని సున్నా, వేడి సున్నా, అంతర్గత శక్తి మారలేదు, ఆదర్శ వాయువులో అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి ఉష్ణోగ్రతా మారదు. ఈ రెండు ప్రశ్నలూ జంటగా అడిగితేనే ఎవరు ఆలోచిస్తున్నారో, ఎవరు వాక్యం గుర్తుపెట్టుకున్నారో తేలుతుంది.

---

చరిత్ర మేడమ్

మాస్టారు చెప్పినదానికి నా వంతు ఒక్క మాట: ప్రశ్న వేశాక ఆగండి. నిజంగా ఆగండి.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో బడి పిల్లల సైన్సు క్లాసుల రికార్డింగులు విని లెక్కగడితే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. తర్వాత వాళ్లే జవాబు చెప్పేస్తున్నారు, లేదా ఇంకొకరిని అడుగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడే పిల్లలు పెరిగారు, "తెలీదు" అనేవాళ్లు తగ్గారు. కాలేజీలో ప్రశ్నలు ఇంకా బరువైనవి కాబట్టి ఇంకా ఎక్కువ ఆగాలి. మూడు సెకన్లంటే బోర్డు ముందు నిలబడినవాళ్లకి చాలా పొడవుగా ఉంటుంది, నేనైతే మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను.

మా సబ్జెక్టులో అ, ఆ, ఇ ఆప్షన్లు అన్నిచోట్లా కుదరవు. కానీ ప్రశ్న ఇరుకుగా ఉండాలన్న సూత్రం మాకూ అంతే. "1789లో ఫ్రెంచి విప్లవం ఎందుకు వచ్చింది?" అని అడిగితే గైడులో ఉన్న పాయింట్లు వరసగా వస్తాయి, వాటి వెనక ఆలోచన ఉండదు. నేను బోర్డు మీద మూడు రాస్తాను: రాజు ఖజానా అప్పుల్లో మునిగిపోవడం, 1788లో పంట పోయి రొట్టె ధర పెరగడం, జ్ఞానోదయ యుగపు రచయితల ఆలోచనలు. "వీటిలో ఒకటి తీసెయ్యండి. ఏది తీసేస్తే ఆ ఏడాది అది జరిగి ఉండేది కాదంటారు? రెండు వాక్యాలు రాయండి" అంటాను. ముందు రాయాలి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడాలి, ఆ తర్వాతే క్లాసంతటితో. ఫ్రాంక్ లైమన్ 1981లో దీన్ని థింక్-పెయిర్-షేర్ అన్నారు, ఇప్పటికీ ఇంతకంటే తేలికైన పద్ధతి నాకు కనబడలేదు. ఖజానా అన్నవాళ్లూ రొట్టె అన్నవాళ్లూ తలపడితే, అప్పుల వల్లే రాజు పన్నుల కోసం ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభని పిలవాల్సి వచ్చిందనీ, సమావేశం జరుగుతున్న వేసవిలోనే రొట్టె కరువు నగరాన్ని రగిలించిందనీ వాళ్లే కలుపుకుంటారు. నేను చివర్లో తేదీలు సరిచేస్తానంతే.

క్లాసు చివరి రెండు నిమిషాలు కూడా వాడుకోండి. చిన్న కాగితం మీద పేరు లేకుండా "ఈరోజు ఇంకా తేలని విషయం ఏది?" అని రాయించి తీసుకోండి. మినిట్ పేపర్ అంటారు. డెబ్బై కాగితాలు చదవడం పెద్ద పని కాదు, రెండు మూడు కుప్పలుగా విడిపోతాయి. మర్నాడు క్లాసు అక్కణ్ణించి మొదలుపెడితే, వాళ్లు రాసింది మీరు చదివారని వాళ్లకి తెలుస్తుంది. చదవని కాగితాలు మాత్రం తీసుకోవద్దు. రెండు వారాల్లో మొక్కుబడిగా "అంతా బాగుంది" అని రాయడం మొదలెడతారు.

---

చివరి బెంచీ

నేను లెక్చరర్‌ని కాదు, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని. చదువుతూ ఉంటే ఒక్కటి చెప్పాలనిపించింది.

మాలో చాలామంది మాట్లాడనిది పాఠం రాకపోవడం వల్ల కాదు. క్లాసు మధ్యలో హఠాత్తుగా "నువ్వు లే, చెప్పు" అంటే తెలిసిన జవాబు కూడా నోటికి రాదు, అందరూ తిరిగి చూస్తుంటారు కాబట్టి. ఒక లెక్చరర్ మాత్రం ముందు పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడనిచ్చి, తర్వాత "మీ ఇద్దరి మధ్య ఏం అనుకున్నారు?" అని అడుగుతారు. అప్పుడు తప్పైనా అది నా ఒక్కదాని తప్పులా ఉండదు. ఆ క్లాసులో నేను మొదటి సంవత్సరం నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను. ఎవరైనా తప్పు చెబితే ఆయన "ఇలా అనుకున్నవాళ్లు ఇంకెవరు?" అని అడుగుతారు. చేతులు లేస్తాయి. అందరం ఒకేలా పొరబడ్డామని తెలిస్తే ధైర్యం వస్తుంది సార్.

---

కొత్త లెక్చరర్

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఆ పై ప్రశ్న అలాగే వేశాను. మాస్టారు చెప్పినట్టే మూడు వేళ్లు చాలా లేచాయి. చర్చ మొదలయ్యాక నా క్లాసులో అంత చప్పుడు ఇదివరకు వినలేదు. రెండోసారి రెండు వేళ్లే ఎక్కువ.

కానీ మూడు సందేహాలు. ఒకటి, ఇలా చేస్తే ఒక్క ప్రశ్నకే పది నిమిషాలు పోతోంది, సిలబస్ ఎలా అవుతుంది? రెండు, క్లాసయ్యాక కొందరు వచ్చి "మీరు మామూలుగా చెబితేనే మాకు బాగా అర్థమవుతోంది" అన్నారు. నాకు మనసు కుదుటపడలేదు. మూడు, అప్పుడు అర్థమైంది పరీక్ష దాకా ఉంటుందా?

---

ఫిజిక్స్ మాస్టారు

రెండోదానితో మొదలుపెడతాను, అదే మనల్ని వెనక్కి లాగేది.

2019లో లూయీ డెలారియే, మరికొందరు కలిసి హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే దీన్ని పరీక్షించారు. ఒకే పాఠం కొందరికి చక్కటి ఉపన్యాసంగా, కొందరికి గుంపుల్లో సమస్యలు చేయిస్తూ చెప్పారు. తర్వాతి పరీక్షలో రెండోవాళ్లకే ఎక్కువ మార్కులు. కానీ "ఎంత నేర్చుకున్నావు?" అని అడిగితే ఎక్కువ నేర్చుకున్నామన్నది ఉపన్యాసం విన్నవాళ్లు. మంచి ఉపన్యాసం వింటుంటే అంతా నున్నగా సాగిపోతుంది, అర్థమైనట్టే ఉంటుంది. మనమే తలబద్దలు కొట్టుకుంటుంటే ఏమీ రానట్టు ఉంటుంది. మీ దగ్గరికి వచ్చిన పిల్లలు నిజమే చెప్పారు, వాళ్లకి అలాగే అనిపించింది. వాళ్లకి ఈ సంగతి దాచకుండా చెప్పండి. వాళ్ల మిడ్ జవాబులు, పేర్లు లేకుండా, బోర్డు మీద రాసి "అప్పుడు కూడా అర్థమైందనే అన్నారు" అని చూపించండి. సెమిస్టర్ మొదట్లోనే ఇది చెప్పెయ్యడం మేలు.

మొత్తం మీద లాభమా అంటే లాభమే. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగు, గణితం డిగ్రీ క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి చూసింది. ఉత్త ఉపన్యాసాల క్లాసుల్లో తప్పినవాళ్లు సగటున సుమారు 34 శాతం, విద్యార్థులు ఏదో ఒక పని చేసే క్లాసుల్లో సుమారు 22 శాతం. తప్పినవాళ్లంటే అంకెలు కాదు కదా, మన ఎదురుగా కూర్చునే పిల్లలు. అందుకే ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను.

సిలబస్. మీ క్లాసులో ఎక్కువ సమయం తినేది ఏదో చూడండి. నాకు తెలిసి అది సమీకరణం రాబట్టడంలోని మధ్య లైన్లు. అవి పుస్తకంలో ఉన్నాయి. ముందురోజే ఆ రెండు పేజీలు చదివి రమ్మనండి, క్లాసు మొదట్లో దాని మీద ఒక ప్రశ్న వెయ్యండి, లేకపోతే ఎవరూ చదవరు. క్లాసులో మాత్రం "ఈ అడుగులో ఏ షరతు వాడాం? అది లేకపోతే ఏమవుతుంది?" అన్న రెండు చోట్ల ఆగితే చాలు. గంటకి రెండు ప్రశ్నలు, మహా అయితే మూడు. అంతకంటే ఎక్కువ నేనూ పెట్టను. మొత్తం ఫ్లిప్డ్ క్లాసు జోలికి ఇప్పుడే వెళ్లకండి, వీడియోలు తయారు చెయ్యడంలోనే మీ శక్తంతా పోతుంది.

లెక్కలు నేర్పే దగ్గర ఇంకో సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వెంటనే పది లెక్కలిచ్చి వదిలెయ్యకండి. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితంతో చూపించారు: చేసిన లెక్కని శ్రద్ధగా చదివి, తర్వాత అలాంటిదే ఒకటి చేసినవాళ్లు, మొదటినుంచీ అన్నీ సొంతంగా చేసినవాళ్లకంటే తక్కువ సమయంలో నేర్చుకుని, అలాంటి కొత్త లెక్కల్లో తక్కువ తప్పులు చేశారు. ఆలోచిస్తున్నప్పుడు బుర్రలో ఒకేసారి పట్టేది (వర్కింగ్ మెమరీ అంటారు) కొంచెమే, దారి వెతుక్కోవడానికే అదంతా ఖర్చైపోతే నేర్చుకోవడానికి చోటుండదు. కాబట్టి ఒకటి పూర్తిగా చేసి చూపించండి, రెండోదానిలో చివరి అడుగు వాళ్లకి వదలండి, మూడోదానిలో సగం వదలండి. చెయ్యి తిరిగాక ఈ ఊతం తీసెయ్యాలి, అప్పటికీ చూపిస్తూ పోతే అది అడ్డమే.

మూడో సందేహం, పరీక్ష దాకా ఉంటుందా? దానంతట అది ఉండదు. రోడిగర్, కార్పికి 2006లో కాలేజీ విద్యార్థులకి చిన్న పాఠాలిచ్చి చూశారు. కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు బాగా ముందున్నారు. నా క్లాసు ప్రతిసారీ మొదలయ్యేది ఇలా: నోట్సు మూసెయ్యాలి, కిందటి క్లాసుది ఒక ప్రశ్న, కిందటి వారంది ఒకటి, నెల కిందటిది ఒకటి, ఐదు నిమిషాలు రాయాలి. మార్కులు లేవు, నేను తీసుకోను, పుస్తకం తెరిచి వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు పెడితే కాపీ మొదలవుతుంది. నెల కిందటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ వదలను, మరిచిపోబోతున్న సమయంలో గుర్తుచేసుకుంటేనే అది నిలుస్తుంది.

ఎవరైనా మీకు "పిల్లల్లో చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు వేరు, వాళ్ల శైలికి తగ్గట్టు చెప్పాలి" అని శిక్షణ ఇస్తే మర్యాదగా విని వచ్చెయ్యండి. 2008లో హెరాల్డ్ పాష్లర్ తదితరులు వెతికి చూస్తే దానికి చాలినంత ఆధారం దొరకలేదు. వాయువు పీడనం, ఘనపరిమాణం గ్రాఫు అందరికీ బొమ్మగానే చూపించాలి, ఎందుకంటే విషయం అలాంటిది.

---

కొత్త లెక్చరర్

మాస్టారూ, నెల కిందటి ప్రశ్న రేపటి నుంచే పెడతాను. వచ్చే వారం స్థితి మార్పులు మొదలుపెడుతున్నాను. దానికి ఒక ప్రశ్న తయారు చేశాను, కాస్త చూసి చెబుతారా?

నీళ్లు మరిగేటప్పుడు వచ్చే బుడగల్లో ఏముంటుంది?
(అ) గాలి
(ఆ) నీటి ఆవిరి
(ఇ) హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు
(ఈ) పైవేవీ కావు

---

ఫిజిక్స్ మాస్టారు

ప్రశ్న బాగుంది, చాలామంది "ఇ" అంటారు చూడండి. మరిగితే నీటి అణువులే విడిపోతాయనుకుంటారు. రెండు మార్పులు చెయ్యండి.

"పైవేవీ కావు" తీసెయ్యండి. అలా ఎవరూ ఆలోచించరు, ఏమీ తోచనివాళ్లు అక్కడ తలదాచుకుంటారు. దాని బదులు "ఏమీ ఉండదు, శూన్యం" అని పెట్టండి. అలా నిజంగా నమ్మేవాళ్లు క్లాసుకి కొందరుంటారు.

రెండోది, "నీళ్లు మరిగేటప్పుడు" అంటే చాలదు. నీళ్లు వేడెక్కడం మొదలైనప్పుడు గిన్నె అడుగునా గోడలకీ అంటుకునే చిన్న బుడగలు నీటిలో కరిగివున్న గాలివే. దాన్ని గమనించిన పిల్ల "అ" అంటే మీరు తప్పనలేరు. "నీళ్లు చాలాసేపటి నుంచి తెర్లుతున్నాయి. అప్పుడు అడుగు నుంచి లేచి పైకొచ్చే పెద్ద బుడగల్లో ఏముంటుంది?" అని రాయండి. ఇక ఆ చిన్న బుడగల సంగతి చర్చ అయ్యాక మీరే విడిగా అడగండి, "అ" అన్నవాళ్లు దేన్ని చూసి అలా అనుకున్నారో అప్పుడు చెబుతారు.